గుణించాలా, భాగించాలా? ఆ నిర్ణయం ప్రమాణాలకే వదిలెయ్యి

ప్రశ్న: మేడమ్, నేను సైన్సు గ్రూపులో మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఫిజిక్స్ సూత్రాలు వచ్చు, ఏ లెక్కకి ఏ సూత్రం వాడాలో కూడా తెలుస్తుంది. కానీ యూనిట్లు మార్చాల్సి వచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది. వెయ్యితో గుణించాలా, భాగించాలా అని ప్రతిసారీ సందేహమే. మొన్నటి పరీక్షలో గంటకు 90 కిలోమీటర్ల వేగాన్ని సెకండుకు మీటర్లలోకి మార్చమంటే 324 అని రాశాను. పాదరసం సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 13.6 గ్రాములు కదా, దాన్ని ఘనపు మీటరుకు కిలోగ్రాముల్లోకి మారిస్తే నాకు 1.36 వచ్చింది. విశిష్టోష్ణం లెక్కలో సెల్సియస్‌ని కెల్విన్ చేయాలని 273 కలిపాను, అదీ తప్పే అన్నారు. నా స్నేహితురాలు మార్పిడి పట్టికంతా బట్టీ పట్టేసింది. నేనూ అదే చేయాలా? ప్రతి మెట్టులో యూనిట్లు రాస్తూ కూర్చుంటే పరీక్షలో టైం సరిపోతుందా?

సమాధానం: నీ మూడు తప్పులూ చూశానమ్మా. 90ని 18తో గుణించి 5తో భాగిస్తే 324 సరిగ్గానే వస్తుంది, అంటే లెక్కలు నీకు బాగానే వచ్చు. సూత్రాలూ వచ్చునంటున్నావు. ఇబ్బందల్లా గుణించాలా భాగించాలా అన్న నిర్ణయాన్ని నువ్వు మనసులో తీసుకోవడం దగ్గర ఉంది. పరీక్ష హాల్లో, గడియారం చూసుకుంటూ, ఆ నిర్ణయం ఎవరు తీసుకున్నా సగం సార్లు తప్పుతుంది. ప్రతి సంఖ్య పక్కన దాని ప్రమాణాన్ని (యూనిట్‌ని) రాసి, ఆ ప్రమాణాన్ని కూడా సంఖ్యలాగే గుణిస్తూ, కొట్టేస్తూ పోతే నిర్ణయం దానంతటదే కాగితం మీద తేలిపోతుంది. నువ్వు ఆలోచించాల్సిన పనే ఉండదు.

అదెలాగో చూద్దాం. 1 కి.మీ. = 1000 మీ. అని నీకు తెలుసు. సమానం గుర్తుకి రెండు వైపులా ఉన్నది ఒకే దూరం. ఒకే మనిషిని ఇంట్లో ఒక పేరుతో, బయట ఇంకో పేరుతో పిలిచినట్టు. ఒకే దూరాన్ని అదే దూరంతో భాగిస్తే ఏం వస్తుంది? 1 వస్తుంది. కాబట్టి (1000 మీ. / 1 కి.మీ.) అనే భిన్నం విలువ 1. తలకిందులు చేసి (1 కి.మీ. / 1000 మీ.) అని రాసినా విలువ 1. దీన్నే మార్పిడి గుణకం అంటాం. ఏ రాశినైనా 1తో గుణిస్తే ఆ రాశి మారదు, అది కనిపించే తీరు మారుతుంది, అంతే.

ఇంతవరకూ ఒప్పుకుంటే నీ పాత సందేహం మాయమైనట్టే. మార్పిడిలో భాగించడం అన్న పనే లేదు. ఎప్పుడూ గుణించడమే, అదీ 1తో. మిగిలిన ప్రశ్నల్లా ఆ 1ని ఏ వైపు తిప్పి రాయాలన్నది. వదిలించుకోవాల్సిన ప్రమాణం లవంలో ఉంటే గుణకంలో అది హారంలో ఉండాలి. హారంలో ఉంటే గుణకంలో లవంలో ఉండాలి. పైనొకటి కిందొకటి ఉంటేనే కదా కొట్టేయగలం.

నీ మొదటి లెక్కనే తీసుకుందాం. గంటకు 90 కిలోమీటర్లు. ఇందులో కిలోమీటరు పైన ఉంది, గంట కింద ఉంది. రెండూ పోవాలి.

(90 కి.మీ. / 1 గం.) × (1000 మీ. / 1 కి.మీ.) × (1 గం. / 3600 సె.)

పెన్సిల్ తీసుకుని పైనున్న కి.మీ., కిందున్న కి.మీ. కొట్టెయ్యి. కిందున్న గం., పైనున్న గం. కొట్టెయ్యి. మిగిలింది పైన మీటరు, కింద సెకండు. మనకు కావలసింది అదే. ఇప్పుడు మాత్రమే అంకెల జోలికి వెళ్లు. 90 × 1000 / 3600 = 25 మీ./సె. ముందు ప్రమాణాలు తేల్చుకోవడం, తర్వాత అంకెలు వేయడం. ఈ వరస తిరగబడితే పద్ధతి వల్ల లాభం సగం పోతుంది.

ఇందులో 1000/3600ని కుదిస్తే వచ్చేదే 5/18. అందరూ బట్టీ పట్టే ఆ 5/18 పుట్టింది ఇక్కడే. బట్టీ పట్టడంలో చిక్కేమిటంటే, తిరుగు ప్రయాణానికి 18/5 కూడా పట్టాలి. రెండూ పట్టాక ఏది ఎటు వాడాలన్నది మళ్లీ మొదటి సందేహమే. నువ్వు 324 వేసింది అక్కడే. నీ దగ్గర ఉన్నవి రెండు వట్టి భిన్నాలు, ఏ ప్రమాణం పైన ఏది కింద అన్న ఆనవాలు వాటి మీద లేదు.

సరే, గుణకాన్ని పొరపాటున తిరగేసి రాశావనుకో.

(90 కి.మీ. / 1 గం.) × (1 కి.మీ. / 1000 మీ.)

ఏదీ కొట్టుకుపోదు. పైన కి.మీ. రెండుసార్లు ఉంటుంది, కింద గంట, మీటరు కలిసి కూర్చుంటాయి. కిలోమీటరు వర్గం, బై గంట మీటరు! ఏ వేగానికీ అలాంటి ప్రమాణం ఉండదు. తప్పు జరిగిందని పేపరు దిద్దేవాళ్లు చెప్పేదాకా ఆగక్కర్లేదు, నీ కాగితమే చెప్పేస్తుంది. నాకు ఈ పద్ధతి మీద అంత నమ్మకం ఉన్నది ఇందుకే. తప్పు చేయనివ్వదని కాదు, చేసిన తప్పుని దాచనివ్వదని.

324 గురించి ఇంకో మాట. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకండుకు సుమారు 343 మీటర్లు. రోడ్డు మీద మామూలుగా వెళ్లే బండి నీ జవాబులో దాదాపు ధ్వనితో పోటీ పడుతోంది. జవాబు రాశాక ఒక్క క్షణం ఆగి, ఇది లోకంలో జరిగే పనేనా అని చూసుకుంటే చాలా తప్పులు అక్కడికక్కడే దొరుకుతాయి.

ఇక పాదరసం. ఇది మొదటిదానికన్నా లోతైన తప్పు, చాలామంది చేసేదీ ఇదే. నువ్వు గ్రాములను కిలోగ్రాములు చేయడానికి 1000తో భాగించావు, అది సరే. సెంటీమీటర్లను మీటర్లు చేయడానికి 100తో గుణించావు. 13.6 × 100 / 1000 = 1.36. అదే ప్రమాణాలతో రాసి ఉంటే ఇలా ఉండేది.

(13.6 గ్రా. / 1 సెం.మీ³) × (1 కి.గ్రా. / 1000 గ్రా.) × (100 సెం.మీ. / 1 మీ.)

గ్రాములు పోయాయి. కింద సెం.మీ. మూడుసార్లు ఉంది, పైన ఒక్కసారే ఉంది. ఒకటి పోతే ఇంకా రెండు మిగిలాయి. అంటే నీకు వచ్చిన 1.36 తప్పు అంకె కాదు, సగంలో ఆగిపోయిన లెక్క. దాని అసలు ప్రమాణం కి.గ్రా. / (సెం.మీ² మీ.). మిగిలిన రెండు సెంటీమీటర్లనూ వదిలించుకోవాలంటే అదే గుణకాన్ని ఇంకో రెండుసార్లు వేయాలి. క్లుప్తంగా గుణకం మొత్తాన్ని ఘనం చేసేస్తాం.

(13.6 గ్రా. / 1 సెం.మీ³) × (1 కి.గ్రా. / 1000 గ్రా.) × (100 సెం.మీ. / 1 మీ.)³

బ్రాకెట్‌కి ఘనం వేసినప్పుడు ప్రమాణంతో పాటు 100కి కూడా ఘనం పడుతుంది. 100³ అంటే పది లక్షలు. 13.6 × 10,00,000 / 1000 = 13,600 కి.గ్రా./మీ³. ఎందుకు పది లక్షలో బొమ్మ గీస్తే తెలుస్తుంది. ఒక మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న పెట్టె అడుగున సెంటీమీటరు ఘనాలు వరసకి 100 చొప్పున 100 వరసలు పడతాయి, అంటే 10,000. అలాంటి పొరలు 100 పేర్చాలి. మొత్తం 10,00,000. అదే పెట్టెలో 1000 లీటర్లు పడతాయి, ఒక్కో లీటరులో 1000 ఘనపు సెంటీమీటర్లు ఉంటాయి. అలా చూసినా పది లక్షలే.

నీ 1.36 ఎంత విడ్డూరమో చూడు. మామూలు ఉష్ణోగ్రత దగ్గర గాలి సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 1.2 కిలోగ్రాములు. నీ జవాబు ప్రకారం పాదరసం గాలికన్నా కొంచెం బరువు, అంతే. భారమితిలో (బారోమీటరులో) వాతావరణ పీడనం 76 సెంటీమీటర్ల పాదరసాన్ని నిలబెడుతుందని చదువుకున్నావు కదా. సాంద్రత పది వేల రెట్లు తగ్గితే ఆ స్తంభం ఎత్తు పది వేల రెట్లు పెరగాలి. 7.6 కిలోమీటర్ల పొడవున్న గాజు గొట్టం కావాలన్నమాట!

వైశాల్యానికీ ఇదే సంగతి, అక్కడ వర్గం. తీగ నిరోధం లెక్కల్లో అడ్డుకోత వైశాల్యం 2 మి.మీ² అని ఇస్తారు. చాలామంది 2 × 10⁻³ మీ² అని రాసేస్తారు. సరైనది 2 × 10⁻⁶ మీ². జవాబు వెయ్యి రెట్లు తేడా వచ్చిందంటే ముందు వర్గాలు, ఘనాలు వెతుకు. ఎక్కువసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు.

పట్టిక బట్టీ పట్టాలా అని అడిగావు. అక్కర్లేదు. కిలో, మిల్లీ, మైక్రో, నానో లాంటి ఉపసర్గలు ఏ ఘాతాన్ని చెబుతాయో తెలియాలి. గంటకు 3600 సెకండ్లు, లీటరుకు 1000 ఘనపు సెంటీమీటర్లు గుర్తుండాలి. అంగుళానికి 2.54 సెంటీమీటర్లు తెలిస్తే అడుగులు, గజాలు, మైళ్లు అన్నీ అందులోంచే పుట్టించుకోవచ్చు. ఇలాంటివి గుప్పెడు చాలు, మిగతావి గొలుసు కట్టి తెచ్చుకోవచ్చు. కిలోవాట్ గంటను జౌళ్లలోకి మార్చడానికి ప్రత్యేకంగా ఏమీ గుర్తు పెట్టుకోనక్కర్లేదు. 1 కిలోవాట్ అంటే 1000 వాట్లు, వాట్ అంటే సెకండుకు ఒక జౌలు. 1000 జౌళ్లు బై సెకండును 3600 సెకండ్లతో గుణిస్తే సెకండ్లు కొట్టుకుపోయి 36,00,000 జౌళ్లు మిగులుతాయి. మీ స్నేహితురాలి పట్టికలో ఇదొక వరుస. నీకు అది రెండు నిమిషాల లెక్క కూడా కాదు.

ప్రమాణం రాయకుండా ఒట్టి అంకెతో పని కానిస్తే ఏమవుతుందో చెప్పడానికి అందరూ 1999లో పోయిన అంగారక వ్యోమనౌక కథ చెబుతారు. ఒక ప్రోగ్రాం పౌండు బలం సెకండ్లలో ఇచ్చిన అంకెలను రెండోది న్యూటన్ సెకండ్లనుకుంది. నాకు మాత్రం 1983 నాటి విమానం కథే ఇంకా పనికొస్తుందనిపిస్తుంది. ఎందుకంటే ఆ లెక్క నీ నోటుపుస్తకంలో పట్టేంత చిన్నది, అంకెలన్నీ బయటికొచ్చాయి.

1983 జులై 23న ఎయిర్ కెనడాకి చెందిన బోయింగ్ 767 మాంట్రియల్ నుంచి ఎడ్మంటన్‌కి బయల్దేరాలి. ఇంధనం ఎంతుందో చూపించే వ్యవస్థ పనిచేయడం లేదు. అందుకని ట్యాంకుల్లో కొలకర్రలతో కొలిచారు. 7,682 లీటర్లు ఉంది. ప్రయాణానికి 22,300 కిలోగ్రాములు కావాలి. లీటర్లను బరువులోకి మార్చడానికి వాడిన అంకె 1.77. ఆ అంకెలో తప్పేమీ లేదు, కాకపోతే అది లీటరుకు పౌండ్లు. ఆ కొత్త విమానం లెక్కలేమో కిలోగ్రాముల్లో నడుస్తాయి.

వాళ్లు చేసిన లెక్క ఇది: 7,682 × 1.77 = 13,597. కావలసిన 22,300 లోంచి అది తీసేస్తే 8,703. దాన్ని మళ్లీ 1.77తో భాగిస్తే సుమారు 4,917. అంతే లీటర్లు పోస్తే సరిపోతుందనుకున్నారు. అంకెలు మాత్రమే చూస్తే ఎక్కడా లోపం కనబడదు. ఇప్పుడు ప్రమాణాలు పెట్టి చదువు.

7,682 లీ. × (1.77 పౌండ్లు / 1 లీ.) = 13,597 పౌండ్లు

తర్వాతి మెట్టు 22,300 కి.గ్రా. − 13,597 పౌండ్లు. ఇక్కడ చెయ్యి ఆగిపోవాలి. కూడికలు, తీసివేతలు ఒకే ప్రమాణం ఉన్నవాటి మధ్యే చెల్లుతాయి. కిలోగ్రాముల్లోంచి పౌండ్లు ఎలా తీసేస్తాం? ముందు వాటిని మార్చాలి. 1 పౌండు అంటే 0.4536 కి.గ్రా.

13,597 పౌండ్లు × (0.4536 కి.గ్రా. / 1 పౌండు) = సుమారు 6,168 కి.గ్రా.

అంటే ట్యాంకుల్లో ఉన్నది వాళ్లనుకున్న దానిలో సగం కూడా కాదు. ఇంకా 16,100 కిలోగ్రాములకు పైగా కావాలి. లీటరుకు సుమారు 0.803 కిలోగ్రాముల చొప్పున అది 20,000 లీటర్ల పైమాటే. పోసింది ఐదు వేల లోపు. విమానం 41,000 అడుగుల ఎత్తులో ఉండగా ఇంధనం అయిపోవడం మొదలై, కాసేపటికి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. కెప్టెన్ బాబ్ పియర్సన్‌కి గ్లైడర్లు (ఇంజన్ లేకుండా గాలిలో తేలుతూ వెళ్లే విమానాలు) నడిపిన అనుభవం ఉంది కాబట్టి, అంత పెద్ద విమానాన్నీ గ్లైడర్‌లాగే దించుకుంటూ గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరం రన్‌వే మీద నిలబెట్టాడు. విమానంలో ఉన్న 69 మందిలో ఎవరి ప్రాణమూ పోలేదు. లెక్క వేసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. 1.77 పక్కన రెండు మాటలు రాసుకోలేదు, అంతే.

ఇక్కడ ఈ పద్ధతి హద్దు కూడా చెప్పాలి, లేకపోతే గుడ్డిగా నమ్మేస్తావు. ప్రమాణాలు సరిగ్గా కొట్టుకుపోతే దారి సరైనదని తెలుస్తుంది, గుణకంలోని అంకె సరైనదని మాత్రం తెలియదు. 1 కి.మీ. = 100 మీ. అని రాసుకున్నా కి.మీ. హాయిగా కొట్టుకుపోతుంది. 1.77ని "లీటరుకు కిలోగ్రాములు" అని తప్పు చీటీ అంటించి రాసినా లెక్క నోరెత్తదు. అందుకే గుణకం రాసేటప్పుడు ఒకసారి, జవాబు వచ్చాక ఒకసారి ఇంగితం వాడాలి. చిన్న ప్రమాణంలోకి వెళ్తే అంకె పెరగాలి, పెద్ద ప్రమాణంలోకి వెళ్తే తగ్గాలి. విమానాల ఇంధనం నీటికన్నా తేలిక. లీటరు నీరే ఒక కిలోగ్రాము అయినప్పుడు లీటరు ఇంధనం 1.77 కిలోగ్రాములు ఎలా అవుతుంది? ఆ ఒక్క ప్రశ్న చాలు తప్పు చీటీ పట్టుకోవడానికి.

ఇప్పుడు నీ 273 దగ్గరికొద్దాం. ఉష్ణోగ్రత ఈ పద్ధతికి పూర్తిగా లొంగని రాశి. మీటరు, కిలోమీటరు రెండూ సున్నా దగ్గరే మొదలవుతాయి. సున్నా మీటర్లంటే సున్నా కిలోమీటర్లే. సెల్సియస్ సున్నా, కెల్విన్ సున్నా అలా ఒకచోట లేవు. అందుకే థర్మామీటరు చూపే అంకెను మార్చాలంటే గుణకం చాలదు, 273 కలపాలి (కచ్చితంగా చెప్పాలంటే 273.15). ఫారన్‌హీట్‌కైతే గుణించడమూ ఉంది, కలపడమూ ఉంది.

కానీ నీ లెక్కలో ఉన్నది థర్మామీటరు చూపే అంకె కాదు. విశిష్టోష్ణం అంటే ఒక గ్రాము పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన ఉష్ణం. అక్కడున్న డిగ్రీ ఉష్ణోగ్రతలో పెరుగుదల. నీరు 20 నుంచి 30 డిగ్రీలకు వెళ్లినా, 293 నుంచి 303 కెల్విన్‌కి వెళ్లినా పెరిగింది పదే. తేడా తీసినప్పుడు 273 రెండు వైపులా ఉండి రద్దయిపోతుంది. కాబట్టి తేడాల విషయంలో 1 సెల్సియస్ డిగ్రీ, 1 కెల్విన్ ఒకటే, గుణకం నికరంగా 1.

(4.18 జౌ. / 1 గ్రా. 1°సె.) × (1000 గ్రా. / 1 కి.గ్రా.) × (1°సె. / 1 కె.) = 4,180 జౌ./(కి.గ్రా. కె.)

ఎక్కడా 273 లేదు. లెక్కలో ఉష్ణోగ్రత ఒంటరిగా ఉందా, తేడాగా ఉందా అని చూసుకో. వాయు నియమాల్లో ఒంటరిగా వస్తుంది, అక్కడ కెల్విన్ చేయక తప్పదు. ఉష్ణం లెక్కల్లో ఎక్కువగా తేడాగానే వస్తుంది.

నువ్వు అడగలేదు కానీ, కెమిస్ట్రీలో కూడా ఈ పద్ధతే నిన్ను గట్టెక్కిస్తుంది. మార్పిడి గుణకాలంటే కిలోమీటరుకు వెయ్యి మీటర్ల లాంటివే కానక్కర్లేదు. సాంద్రత కూడా గుణకమే, ఘనపరిమాణం నుంచి ద్రవ్యరాశికి తీసుకెళ్తుంది. మోలార్ ద్రవ్యరాశీ (ఒక మోల్, అంటే 6.022 × 10²³ అణువుల ద్రవ్యరాశి) గుణకమే. కాకపోతే ఇవి అందరికీ చెల్లేవి కావు, ఒక్కో పదార్థానికి ఒక్కోటి. 9 గ్రాముల నీటిలో ఎన్ని అణువులుంటాయంటే:

9 గ్రా. నీరు × (1 మోల్ నీరు / 18 గ్రా. నీరు) × (6.022 × 10²³ అణువులు / 1 మోల్ నీరు) = 3.01 × 10²³ అణువులు

నేను ప్రతి చోటా "నీరు" అని రాయడం గమనించావా? అది చాదస్తం కాదు. అదే 9 గ్రాముల నీటిలో హైడ్రోజన్ ఎన్ని గ్రాములుంటుందని అడిగారనుకో. నీటి మోల్‌కి 18 గ్రాములు, అందులో హైడ్రోజన్ 2 గ్రాములు. గుణకం (2 గ్రా. హైడ్రోజన్ / 18 గ్రా. నీరు). ఒట్టి "గ్రా." అని రాస్తే పైనా కిందా గ్రాములు చూసి చెయ్యి దానంతటదే కొట్టేస్తుంది, జవాబులో మిగిలిన గ్రాము ఏ పదార్థానిదో తెలియకుండా పోతుంది. పదార్థం పేరు రాస్తే నీటి గ్రాములు నీటి గ్రాములతోనే పోతాయి, జవాబు 1 గ్రాము హైడ్రోజన్ అని నిలుస్తుంది. రసాయన సమీకరణాల లెక్కల్లో సగం గందరగోళం ఈ ఒక్క మాట రాయకపోవడం వల్లే.

వాయువుల లెక్కల్లో ఇంకో చిక్కు వాయు స్థిరాంకం (PV = nRT సూత్రంలోని R). ఒక పుస్తకంలో 8.314 అని ఉంటుంది, ఇంకోదాంట్లో 0.0821 అని ఉంటుంది. రెండూ ఒకటే స్థిరాంకం, ప్రమాణాలు వేరు. మొదటిది మోల్‌కి, కెల్విన్‌కి జౌళ్లు. రెండోది లీటర్, అట్మాస్ఫియర్లలో. పీడనం అట్మాస్ఫియర్లలో, ఘనపరిమాణం లీటర్లలో ఇస్తే 0.0821 తీసుకో. పాస్కల్స్, ఘనపు మీటర్లు అయితే 8.314. ఘనపరిమాణం మిల్లీలీటర్లలో ఇచ్చి ఊరుకున్నారంటే అది నీకోసం తవ్విన గొయ్యే. స్థిరాంకం పక్కన దాని ప్రమాణం మొత్తం రాసుకుంటే ఏది మార్చాలో కళ్లముందే ఉంటుంది.

ఇక టైం సంగతి. లెక్క మొత్తం ప్రతి మెట్టులోనూ ప్రమాణాలు మోసుకురమ్మని నేను అనను. లెక్కలో ఇచ్చిన విలువలు రాసుకునేటప్పుడే ప్రతిదాన్నీ ప్రమాణంతో రాయి. మార్చాల్సినవి అక్కడే, ఒక్కోటి ఒక్కో వరసలో, గుణకాలు పెట్టి మార్చెయ్యి. కొట్టేసిన గీతలు కనబడాలి. ఇందులో మాత్రం పొదుపు వద్దు. అన్నీ ఎస్‌ఐ ప్రమాణాల్లోకి (మీటరు, కిలోగ్రాము, సెకండు లాంటి అంతర్జాతీయ ప్రమాణాల్లోకి) వచ్చాక సూత్రంలో అంకెలు వేసి సూక్ష్మీకరించే మెట్లలో ప్రమాణాలు వదిలేసినా పరవాలేదు. చివర జవాబు దగ్గర మళ్లీ పెట్టు. ఇలా చేస్తే లెక్కకి పట్టే అదనపు టైం ఒకటి రెండు వరసలు రాసేంత. తప్పొచ్చిందేమోనని లెక్క మొత్తం మళ్లీ మొదటినుంచి చేసేదానికన్నా అది తక్కువే.

మధ్య మెట్లలో దశాంశాలు కుదించకు, చివర ఒక్కసారి కుదించు. కొలిచిన విలువలో ఎన్ని సార్థక సంఖ్యలున్నాయో జవాబులోనూ అన్నే ఉంచు. గంటకు 3600 సెకండ్లు, అంగుళానికి 2.54 సెంటీమీటర్లు లాంటివి నిర్వచనాలు, కొలతలు కావు. వాటిలో మూడంకెలే ఉన్నాయి కదా అని జవాబుని మూడంకెలకు కత్తిరించే పని లేదు. పౌండుకి 0.4536 కిలోగ్రాములు అన్నది మాత్రం కుదించిన విలువ (అసలు నిర్వచనం 0.45359237), కాబట్టి అక్కడ నాలుగంకెల మేరకే నమ్మాలి.

మొదలుపెట్టడానికి ఒక లెక్క ఇస్తున్నాను. కాంతి సెకండుకు 3 × 10⁸ మీటర్లు వెళ్తుంది. ఒక కాంతి సంవత్సరం ఎన్ని కిలోమీటర్లు? సంవత్సరాన్ని రోజులు, గంటలు, నిమిషాలు, సెకండ్ల మీదుగా గొలుసు కట్టి రా, ఒక్కో గుణకం విడిగా రాయి, కొట్టేసిన గీతలు వదలకు. సంవత్సరానికి 365.25 రోజులు తీసుకుంటే 9.47 × 10¹² కి.మీ. రావాలి. పుస్తకాల్లో 9.46 అని ఉంటుంది, ఆ చిన్న తేడా కాంతి వేగాన్ని 3 × 10⁸కి కుదించడం వల్ల వచ్చింది. ఘాతం 15 వచ్చిందంటే ఆఖరి గుణకం మర్చిపోయి మీటర్లలోనే ఆగిపోయావు. 18 వచ్చిందంటే దాన్ని తిరగేసి వేశావు.